బార్సిలోనా ఆర్కైవ్స్ మహాసభ నుంచి మన రికార్డు గదులకు ఏం తెచ్చుకోవచ్చు?

పాతకాగితం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. 2025 అక్టోబర్ 27 నుంచి 30 వరకు బార్సిలోనాలో ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆన్ ఆర్కైవ్స్ (పాత రికార్డులు భద్రపరిచే సంస్థల ప్రపంచ సంఘం) మహాసభ జరిగింది. నేను యూరప్‌లో ఈ రంగంలోనే పనిచేస్తున్నాను కాబట్టి వెళ్ళే వీలు దొరికింది. ఇక్కడ చాలామంది పాత దస్త్రాలతో, తాటాకులతో, ఊరి లైబ్రరీలతో పనిచేసేవాళ్ళే. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

తెలియనివారి కోసం కొంచెం వెనక కథ. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ అంతటా ప్రభుత్వ కాగితాలు కాలిపోయాయి, దోపిడీ అయ్యాయి, ఒక దేశానివి ఇంకో దేశం చేతికి చిక్కాయి. ఆ దెబ్బ తిన్నాక 1948 జూన్ 9న యునెస్కో అండతో పారిస్‌లో ఈ కౌన్సిల్ పుట్టింది. జూన్ 9ని అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినంగా జరుపుకునేది అందుకే. మొదటి మహాసభ 1950లో పారిస్‌లోనే. ఈమధ్యవి చూస్తే 2012లో బ్రిస్బేన్, 2016లో సియోల్. 2020లో అబుదాబిలో జరగాల్సింది కోవిడ్ వల్ల ఆగి 2023 అక్టోబర్‌లో జరిగింది.

బార్సిలోనాలో సభ పెట్టడం ఎంతో సబబుగా ఉంది. అక్కడి అరగాన్ రాజ్య ఆర్కైవ్స్ మొదలైంది 1318లో. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు పాలిస్తున్న రోజులవి. అంతకుముందే, 1244లో షాతివా పట్టణం రాజు మొదటి జైమె చేతికి వచ్చింది. అక్కడ తయారయ్యే కాగితం మీద రాజాజ్ఞల నకళ్ళు రిజిస్టర్లుగా రాయించారు. గుడ్డపీలికలతో చేసిన కాగితం అది. ఏడు వందల ఏళ్ళు దాటినా ఆ రిజిస్టర్లు నిలిచే ఉన్నాయి. మన 1950ల ఫైళ్ళు తిరగేసి చూడండి, అంచులు వేలికి తగలగానే పొడిగా రాలతాయి. చెక్క గుజ్జుతో చేసి, పటిక, రోజిన్ అనే చెట్టు బంక కలిపిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది లోపల్నుంచే నారను తెంపేస్తుంది. అంటే మనకు ఎక్కువ ప్రమాదం ఉన్నది రాజుల కాలపు కాగితాలకు కాదు, మన తాతల కాలపు కాగితాలకు.

సభలో ఏ మూలకు వెళ్ళినా ఏఐ గురించిన మాటే. అది అవసరమే. కానీ మనం ముందుగా తెచ్చుకోవాల్సింది అంతకంటే పాతది, దాదాపు ఖర్చు లేనిది. జాబితా. ఏ గదిలో ఏ మూటలో ఏముందో రాసిపెట్టిన జాబితా. స్కానర్ కొనడం ఆ తర్వాతే జరగాలని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

మూసీ_ఒడ్డు

పాతకాగితం గారూ, మంచి చర్చ పెట్టారు. కానీ చివరి మాట నేను ఒప్పుకోను.

హైదరాబాద్ తార్నాకలో మన తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది కదా. 1406 నాటి ఫిరోజ్ షా బహమనీ ఫర్మానా (రాజాజ్ఞ) నుంచి మొదలుపెడితే, షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కన్ కాగితాలే లక్షన్నర దాకా ఉన్నాయి. ఆ తర్వాత అసఫ్‌జాహీల దఫ్తర్లు. అంతా ఫార్సీ, ఉర్దూ, కొంత మోడీ లిపిలో మరాఠీ. షికస్తా అనే ఫార్సీ గొలుసుకట్టు రాత చదివి జాబితా రాయగలిగేవాళ్ళు హైదరాబాద్ మొత్తంలో ఎంతమంది ఉంటారు? వాళ్ళు రాసేదాకా ఆగితే కాగితం ఆగదు. నూర్ ఇంటర్నేషనల్ మైక్రోఫిల్మ్ సెంటర్‌తో ఒప్పందం చేసుకుని మరమ్మతు, స్కానింగ్ పెట్టుకున్నది కూడా ఈ తొందర వల్లే. ముందు ఫొటో తీసి పెడదాం. చదివేవాళ్ళు రేపు పుట్టొచ్చు.

బస్తా_విప్పినవాడు

మూసీ గారూ, మీ ఆరాటం నాకు తెలుసు. నేను రెవెన్యూ రికార్డు రూములో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. అడంగల్, ఫైసల్ పట్టీ, ఇనాం రిజిస్టర్, సేత్వార్, ఖాస్రా పహాణీ, ఈ భూమి రికార్డులన్నీ ఈ చేతులతో దించి ఎక్కించినవే. ఒక ముక్క చెప్పనివ్వండి.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో స్కానింగ్ కాంట్రాక్ట్ ఇచ్చారు. వచ్చిన కుర్రాళ్ళు పాపం కష్టపడే పిల్లలే. రోజుకి ఇన్ని పేజీలని టార్గెట్. మూటలు విప్పారు, మెషిన్‌లో దూరాలని కుట్లు తెంపారు, అయిపోయినవి అయిపోయినట్టు గోడవారగా పేర్చారు. చివరికి హార్డ్ డిస్కులో లక్షల పేజీలు చేరాయి. ఒక్కో ఫైలుకి పేరేమిటంటే ఒక నంబరు. ఆ నంబరు ఏ గ్రామానిదో ఎక్కడా రాయలేదు. ఒక రైతు వచ్చి, మా తాత పేరున ఇనాం భూమి ఉండేది, నకలు కావాలంటే ఆ డిస్కులో ఎవరు వెతుకుతారు? అంతకుముందు తాలూకా, గ్రామం, ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) చెబితే చాలు, సరైన మూట దించి చేతికిచ్చేవాణ్ణి. ఆ వరుస పోయింది. కాగితం ఉంది, స్కాన్ ఉంది, దొరకడం మాత్రం లేదు. ఆ రైతుకి నేను చెప్పగలిగిన సమాధానం ఏమీ లేకపోయింది. ఇప్పటికీ బాధే.

పాతకాగితం

బస్తా గారూ, ఇంత వివరంగా రాసినందుకు దండాలు. మీరు చెప్పినదే మా పనిలో మొదటి సూత్రం. ఒక ఆఫీసు కాగితాలు ఇంకో ఆఫీసు కాగితాలతో కలపకూడదు. ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుస చెరపకూడదు. ఆ వరుసలోనే సగం సమాచారం ఉంటుంది.

మూసీ గారూ, మీ ప్రశ్న గట్టిదే. అయితే జాబితా అంటే ప్రతి కాగితం చదవడం అనుకుంటున్నారు మీరు. అక్కర్లేదు. ఐఎస్ఏడీ-జీ అని, రికార్డుల వివరాలు ఎలా రాయాలో చెప్పే ప్రమాణం ఈ కౌన్సిల్ తయారుచేసింది. 1994లో మొదటిసారి వచ్చింది, 2000లో రెండో కూర్పు. అందులో మొత్తం 26 వివరాలు ఉన్నా, తప్పనిసరి అన్నవి ఆరే. గుర్తింపు సంఖ్య, పేరు, తయారుచేసినవారు, తేదీలు, పరిమాణం, స్థాయి. స్థాయి అంటే మనం వర్ణిస్తున్నది మొత్తం ఆఫీసు రికార్డునా, ఒక వరుస రిజిస్టర్లనా (సిరీస్), ఒక్క ఫైలునా అని. మూట స్థాయిలో ఆగిపోయినా ఆ జాబితా పనికొస్తుంది. ఇలా ఉంటుంది:

గుర్తింపు సంఖ్య: గది 2 / బీరువా 3 / మూట 12
పేరు: ఫలానా గ్రామం అడంగల్ రిజిస్టర్లు
తయారుచేసినవారు: గ్రామ కరణం
తేదీలు: ఫసలీ 1340 నుంచి 1349, అంటే 1930–1940
పరిమాణం: 10 రిజిస్టర్లు
స్థాయి: సిరీస్

దీనికి షికస్తా రానక్కర్లేదు. ఫార్సీ మూట అయినా తేదీ, ముద్ర, ఏ శాఖ నుంచి వచ్చింది, ఎన్ని కాగితాలు అన్నవి చూసి రాయొచ్చు. లోపలి విషయం తర్వాత చదివేవాళ్ళు నింపుతారు. ఆటమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ ప్రమాణం ప్రకారమే తయారైంది. అది కూడా లేకపోతే ఎక్సెల్ చాలు. ఎక్సెల్ లేకపోతే రూళ్ళ పుస్తకం.

భీమిలి_అమ్మాయి

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. మా ఊరి డచ్ సమాధులు చిన్నప్పుడు చూసిన గుర్తుతో ఇక్కడికి వచ్చాక డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాలు వెతకడం మొదలుపెట్టాను. మన తీరంతో వాళ్ళ సంబంధం చాలా పాతది. 1605లోనే మచిలీపట్నం వచ్చారు. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కన జగన్నాథపురం, నాగులవంచ, భీమిలి.

ఆ కంపెనీ రికార్డులు ఇవాళ హేగ్, జకార్తా, కొలంబో, కేప్‌టౌన్, చెన్నైలలో ఉన్నాయి. 2003లో ఈ ఐదు దేశాలూ కలిసి ప్రపంచానికి ముఖ్యమైన రాతలను గుర్తించే యునెస్కో మెమరీ ఆఫ్ ది వరల్డ్ జాబితాలో చేర్పించాయి. హేగ్‌లో ఉన్నవాటిలో ఆసియా నుంచి వచ్చిన ఉత్తరాలు, నివేదికలు 50 లక్షల పేజీలకు దగ్గరగా కంప్యూటర్‌తో చదివించారు. చేతిరాతను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పాలకొల్లు కోసం వెతకొచ్చు. వాళ్ళు దాన్ని పాలికోల్ అని రాశారు. ద్రాక్షారామాన్ని దాట్సెరోమ్ అన్నారు. నేతగాళ్ళు, బట్టల రకాలు, అద్దకాలు, అప్పులు, తుఫాన్లు, కరువులు, ఏది వెతికినా ఏదో ఒకటి బయటపడుతుంది. మన తీరం గురించి అంత దగ్గరగా రాసిన కాగితాలు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

పాతకాగితం గారి మాటకు నేను సాక్ష్యం. ఏఐ ఆ పేజీలు చదవగలిగింది సరే. కానీ దొరికిన వాక్యం ఏ ఏడాదిదో, ఎవరు ఎవరికి రాశారో నాకు తెలుస్తున్నది పాత జాబితా వల్లే. ఆ సంపుటాలకు తరాల క్రితమే నంబర్లు వేసి, వివరాలు రాసిపెట్టారు.

కోడ్_కిట్టు

అక్కా, సూపర్ సమాచారం. నేను మెషిన్ లెర్నింగ్‌లో పనిచేస్తాను. షికస్తాకీ, మోడీకీ, పాత తెలుగు గొలుసుకట్టు రాతకీ అలాంటి మోడల్ చేయాలంటే ఏం కావాలి? కరణాల చేతిరాత నా వల్ల ఒక్క లైను కూడా కాలేదు.

భీమిలి_అమ్మాయి

తమ్ముడూ, ముందు మనుషులు చదివి, అక్షరం అక్షరం సరిచూసి టైపు చేసి ఎక్కించిన పేజీలు కావాలి. మోడల్ నేర్చుకునేది వాటి నుంచే. ఇక్కడ డచ్ చేతిరాతకు కూడా ఎంతోమంది కూర్చుని అలాగే ఎక్కించారు. మన దగ్గర ఆ రాత చదవగలిగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. బస్తా గారి లాంటి వాళ్ళు. వాళ్ళ పక్కన కూర్చుని పేజీలు ఎక్కించుకోవాల్సిన సమయం ఇదే. పదేళ్ళ తర్వాత ఎన్ని డబ్బులున్నా ఆ పని కాదు.

బస్తా_విప్పినవాడు

గొలుసుకట్టు రాత నేను చదువుతాను అమ్మా. మోడీ రాదు. కిట్టూ, ఫొటోలు పంపు నాయనా, చదివి పెడతాను. కళ్ళజోడు ఉంది, ఖాళీ కూడా ఉంది.

గుంటూరు_మాస్టారు

అంతా బాగుంది. కానీ అసలు మన కాగితాలు మన దగ్గర ఉంటే కదా జాబితా రాసేది! గుంటూరు, గోదావరి, కృష్ణా, విశాఖ, కడప జిల్లాల కంపెనీ కాలపు, బ్రిటిష్ కాలపు రికార్డులు ఎన్నో చెన్నై ఎగ్మూరులోని ఎర్ర భవనంలో ఉన్నాయి. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా కట్టిన భవనం. ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది, ఆ కాగితాలు అక్కడే ఉండిపోయాయి. కంపెనీ సర్వేయర్ మెకంజీ మన పల్లెల నుంచి సేకరించిన కైఫియత్తులు (ఊళ్ళ చరిత్రలు), బ్రౌన్ దొర దాచిన రాతప్రతులు కూడా చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో. మా జిల్లా మీద పరిశోధన చేసే విద్యార్థి చెన్నైలో రూము అద్దెకు తీసుకోవాల్సిందేనా? ఈ అంతర్జాతీయ సభలు ఇలాంటి అన్యాయం గురించి ఏమైనా మాట్లాడతాయా?

పాతకాగితం

మాట్లాడతాయి మాస్టారూ. మామూలుగా కాదు, ఈ రంగంలో అన్నిటికంటే వేడిగా జరిగే వాదన అదే. సభ జరిగిన కాటలోనియాలోనే పెద్ద ఉదాహరణ ఉంది.

స్పెయిన్ అంతర్యుద్ధం చివర్లో, తర్వాత నియంతగా పాలించిన ఫ్రాంకో సైన్యం కాటలోనియాలో సంఘాల, పార్టీల, మామూలు మనుషుల కాగితాలు మూటలు కట్టి సాలమాంకా నగరానికి పట్టుకుపోయింది. చరిత్ర మీద ప్రేమతో కాదు. ఎవరు తమకు వ్యతిరేకో పేర్లు ఏరి శిక్షించడానికి. ప్రజాస్వామ్యం వచ్చాక మా కాగితాలు మాకివ్వండని కాటలాన్లు దశాబ్దాలు అడిగారు. సాలమాంకా వాళ్ళు ససేమిరా అన్నారు, వీధుల్లోకి వచ్చారు. చివరికి 2005లో పార్లమెంటు చట్టం చేశాక 2006 జనవరిలో మొదటి విడతగా 500 పెట్టెలు వెళ్ళాయి. సాలమాంకాలో నకళ్ళు ఉంచారు.

ఎగ్మూరు సంగతి మాత్రం దీనికి కొంచెం వేరు. అవి దోచినవి కావు. మద్రాసు ప్రభుత్వం తన ఆఫీసులో తాను తయారుచేసినవి. జిల్లా రికార్డులను మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ (భూమిశిస్తు బోర్డు) ప్రొసీడింగ్స్‌తో జోడించి చదవాలి. గుంటూరు కలెక్టర్ రాసిన ఉత్తరం ఒకచోట, దానికి బోర్డు ఇచ్చిన జవాబు ఇంకోచోట ఉంటే రెండూ సగం సగమే అవుతాయి. నా ఓటు అసలును కదపకుండా నాణ్యమైన డిజిటల్ నకళ్ళు తెప్పించుకోవడానికే.

గుంటూరు_మాస్టారు

ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ నకలుతో సరిపెట్టుకోండని మనకే ఎందుకు చెప్పాలి? నకలు వాళ్ళు ఉంచుకుని అసలు మనకివ్వొచ్చుగా? సాలమాంకాలో జరిగింది అదే కదా. పోనీ నకళ్ళైనా విజయవాడలోనో, గుంటూరులోనో ఎవరైనా నడిచి వెళ్ళి చూసుకునేలా పెట్టాలి. 1953 నుంచి లెక్కేస్తే 70 ఏళ్ళు దాటాయి. ఈ విషయంలో నేను తగ్గను.

మూసీ_ఒడ్డు

మాస్టారూ, నకళ్ళ విషయంలో నేను మీ వైపే. అసలు విషయంలో పాతకాగితం గారి వైపు. కానీ ఇక్కడ కూడా అదే గొడవ వచ్చింది చూడండి. గుంటూరువి ఏయే సంపుటాల నకళ్ళు కావాలో అడగాలన్నా చేతిలో జాబితా ఉండాలి. నేను మొదట అన్నదాన్ని ఇలా మారుస్తాను. మూట స్థాయి జాబితా ముందు, వెంటనే పొడైపోతున్న వాటికి స్కాన్, మిగతావి నిదానంగా.

కడప_వకీలు

ఒక చట్టం మాట. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(ఎ) ఏం చెబుతుందంటే, ప్రతి ప్రభుత్వ ఆఫీసూ తన రికార్డులన్నిటికీ కేటలాగు, ఇండెక్సు తయారుచేసి ఉంచాలి. మనం అడుగుతున్న జాబితా ఎవరో చేసే దయ కాదు, చట్టం ప్రకారం ఆఫీసు బాధ్యత. పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993 కూడా ఉంది. 1892కు ముందు తయారైన రికార్డును, అది ఎందుకూ పనికిరానంతగా పాడైతే తప్ప, నాశనం చేయకూడదని అందులో ఉంది. అయితే అది కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర సంస్థలకు వర్తించే చట్టం. మన తాలూకా రికార్డు రూములకు ఆ రక్షణ రాదు.

పాతకాగితం గారూ, అంతర్జాతీయ స్థాయిలో దీనికి సమానమైనది ఏదైనా ఉందా? పిటిషన్లో పెట్టుకుంటాను.

పాతకాగితం

రెండున్నాయి వకీలు గారూ. ఒకటి, ఆర్కైవ్స్ మీద సార్వత్రిక ప్రకటన. కౌన్సిల్ 2010లో ఓస్లోలో ఆమోదించింది, 2011 నవంబర్‌లో యునెస్కో జనరల్ కాన్ఫరెన్స్ కూడా. రెండోది, 2012 ఆగస్టులో బ్రిస్బేన్ మహాసభ సమయంలో ఆమోదించిన ఆర్కైవ్స్ అందుబాటు సూత్రాలు. అందులో నాకు బాగా నచ్చినది రెండో సూత్రం. ఒక సంస్థ ఏదైనా రికార్డును ఇవాళ చూపించలేకపోవచ్చు. కానీ అలాంటి రికార్డు తమ దగ్గర ఉందన్న సంగతి మాత్రం దాచకూడదు. ఇవి చట్టాలు కావు, కోర్టు తప్పనిసరిగా పాటించాలని లేదు. కానీ సెక్షన్ 4తో పాటు వీటినీ జోడిస్తే వాదనకు బలం వస్తుంది.

లైబ్రరీ_లక్ష్మి

నేను కోస్తాలో ఒక చిన్న ఊరి గ్రంథాలయం చూసుకుంటున్నాను. వేటపాలెం సారస్వత నికేతనం లాగా 1918 నాటిదీ కాదు, అంత పెద్దదీ కాదు. అయినా పాత పత్రికల సంపుటాలు చాలా ఉన్నాయి. నాకు రెండు భయాలు. ఒకటి తుఫాను. హుద్‌హుద్ తర్వాత వాన పేరు చెబితేనే టెన్షన్. రెండోది, చిరిగిన పేజీలకు లామినేషన్ చేయిస్తామని ఒక దాత ముందుకొచ్చారు. చేయించొచ్చా?

పాతకాగితం

లక్ష్మి గారూ, లామినేషన్ వద్దే వద్దు. వేడితో అతికించే ప్లాస్టిక్‌ను తర్వాత ఊడదీయలేం. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనే ఒకప్పుడు సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ పొర, టిష్యూ పెట్టి, అసిటోన్ అనే ద్రావకం రాసి చేత్తో అతికించే పద్ధతి కనిపెట్టారు. పెద్ద మెషిన్ అక్కర్లేదు కాబట్టి ఇతర దేశాలు కూడా వాడాయి. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పొర కూడా చెడిపోయి ఆమ్లం వదులుతుందని తేలి ఇప్పుడు పక్కన పెట్టారు. పల్చటి జపనీస్ టిష్యూ, గోధుమ పిండి జిగురు వాడేవారితో చేయించండి. నీళ్ళు తగిలితే ఊడివచ్చే మరమ్మతే మంచి మరమ్మతు. దాత గారి డబ్బుతో ఆమ్లం లేని అట్టపెట్టెలు కొనిపించండి, అంతకంటే మేలు లేదు.

తుఫాను విషయానికొస్తే, జర్మనీలో కొలోన్ నగర ఆర్కైవ్స్ సంగతి చెబుతాను. 2009 మార్చి 3న మెట్రో సొరంగం పనుల వల్ల భవనం మొత్తం కూలింది. పక్క ఇంట్లో ఇద్దరు చనిపోయారు. సుమారు 30 కిలోమీటర్ల షెల్ఫుల కాగితాలు మట్టిలో, భూగర్భ జలంలో పడ్డాయి. బాగా తడిసినవాటిని ఆరబెట్టే ప్రయత్నం చేయకుండా వెంటనే గడ్డకట్టించారు. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు. తర్వాత ఏళ్ళ తరబడి ఫ్రీజ్ డ్రైయింగ్ (గడ్డకట్టిన నీటిని నేరుగా ఆవిరిగా తీసేయడం) చేసి చాలావరకు దక్కించుకున్నారు. తడిసిన కాగితానికి బూజు రావడానికి రెండు రోజులు చాలు. మన ఉక్కలో ఇంకా ముందే రావచ్చు.

మూసీ_ఒడ్డు

గడ్డకట్టించాలంటే మన పల్లెలో ఎక్కడ?

గుంటూరు_మాస్టారు

కోస్తాలో దానికి కొదవేమిటి! భీమవరం, కాకినాడ, నెల్లూరు పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి. మైనస్ 18 డిగ్రీల గదులు. మిర్చి కోల్డ్ స్టోరేజీ మాత్రం పనికిరాదు, అది చల్లబరుస్తుందే కానీ గడ్డకట్టించదు. లక్ష్మీ, మీకు దగ్గర్లో ఉన్న ప్లాంటు వాళ్ళతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో తల్లీ. తుఫాను వచ్చాక ఫోన్లు పనిచేయవు.

లైబ్రరీ_లక్ష్మి

మాస్టారూ, మంచి ఆలోచన. మా సభ్యుల్లో ఒకరికి రొయ్యల చెరువులున్నాయి, ప్లాంటు వాళ్ళతో పరిచయం ఉంటుంది. రేపే అడుగుతాను. కింది అరల్లో ఉన్న సంపుటాలన్నీ పైకి ఎక్కించేశాం.

జాబితా కూడా మొదలుపెట్టాం. పాతకాగితం గారు చెప్పిన ఆరు గడులతోనే, రూళ్ళ పుస్తకంలో. ఒక సందేహం. ఆంధ్రపత్రిక దినపత్రిక సంపుటాల్లో 1931లో జూలై నుంచి సెప్టెంబర్ వరకు లేవు. లేనివాటిని రాయాలా, ఉన్నవాటినే రాస్తే చాలా?

పాతకాగితం

లేనివి కూడా తప్పకుండా రాయండి. పరిమాణం గడిలో, జూలై నుంచి సెప్టెంబర్ 1931 లేవు అని స్పష్టంగా పెట్టండి. లేకపోతే రేపు చూసేవాళ్ళు మీ దగ్గర పోయాయేమో అనుకుంటారు.

గుంటూరు_మాస్టారు

లక్ష్మీ, 1931 ఆగస్టు, సెప్టెంబర్ మా నాన్నగారి బైండుల్లో ఉన్నట్టున్నాయి. ఆదివారం అటక మీద నుంచి దింపి చూసి మెసేజ్ పెడతాను. ఉంటే నకలు కాదు, అసలే పంపిస్తాను.